ఐదో వరుసలో ఉన్న మాట

కూర్మారావు తన భార్యకు ఒక మాట చెప్పాలి. ఆ మాట మొత్తం కలిపితే తొమ్మిది అక్షరాలు. దాన్ని నోట్లో పెట్టుకుని పదకొండు రోజులుగా తిరుగుతున్నాడు.

అతను టెక్కలిలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. కాపురం పలాసలో. శ్రీకూర్మంలో దేవుడికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. పేరుతోపాటు గుణం కూడా వచ్చింది. ఇంట్లో ఎవరి గొంతు కాస్త పైకి లేచినా తల లోపలికి లాక్కుంటాడు. అంతా సర్దుకున్నాక మెల్లగా బయటపెట్టి, కాఫీ ఉందా అని అడుగుతాడు.

భార్య ప్రమోదిని ప్రైమరీ స్కూల్లో టీచరు. అతనికి మేనమామ కూతురు కాబట్టి, పెళ్లయి ఇరవై ఏళ్లయినా బావా అనే పిలుస్తుంది. ఆ పిలుపులో దీర్ఘం పొట్టిగా ఉంటే ఇంట్లో ఉప్పు అయిపోయినట్టు. పొడుగ్గా ఉంటే ఓపిక అయిపోయినట్టు.

ఆవిడకు సుడోకు పిచ్చి. తొమ్మిది అడ్డం వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ వరుసలోనూ ఏ అంకె కూడా రెండుసార్లు రాకూడదు. అందులోనూ ఈమధ్య కొత్తరకం ఒకటి పట్టుకుంది. గడి కింద ఒక్కో అంకెకి ఒక్కో అక్షరం ఇస్తారు. గడి అంతా నింపి, ఐదో అడ్డం వరుసలో అంకెల బదులు అక్షరాలు పెట్టి చదివితే రహస్యంగా దాచిన మాట బయటపడుతుంది. పోపులో ఆవాలు చిటపటలాడే లోపల ప్రమోదిని ఆ మాటను బయటికి లాగేస్తుంది.

ఆ ఆదివారం శ్రీకాకుళంలో ఇలాంటి గడుల పోటీ. ప్రమోదిని పేరు ఇచ్చింది. నాలుగు పెన్సిళ్లు చెక్కి పెట్టుకుంది. ఏ చీర కట్టుకోవాలో కూడా తేల్చేసింది.

సరిగ్గా ఆ ఆదివారమే కూర్మారావు మీద ఇంకో పని పడింది. అతని అక్క పేరు పెద్దతల్లి. ఆవిడది సంతబొమ్మాళి దగ్గర పల్లె. కూతురు ప్రవల్లికకు ఇచ్ఛాపురం సంబంధం వచ్చింది. పెద్దతల్లి ఫోన్ చేసింది.

"తమ్ముడా, ఆళ్లు రైలు మీదొత్తారట. మా ఊరికి బస్సు ఎప్పుడుంటాదో మాకే తెలీదు. పలాసైతే టేసన్లో దిగి నడిసొచ్చీగలరు. పెళ్లిసూపులు మీ ఇంట్లో పెట్టుకుందుమా?"

"దానికేటక్కా, నీ ఇల్లే కదా," అన్నాడు కూర్మారావు.

ఏ రోజని అడగడం ఒప్పుకున్నాక గుర్తొచ్చింది. పెద్దతల్లి ఆ ఆదివారమే అంది.

"మరదలికి సెప్పు మరి," అంది అక్క.

"సెప్పీసినట్టే అనుకో," అన్నాడు తమ్ముడు.

ప్రయత్నం చేయలేదని కాదు. ఒకరోజు భోజనం దగ్గర గొంతు సవరించుకుని "ప్రమోదినీ" అన్నాడు. ఆవిడ "ఏటి?" అంది. "పప్పు కమ్మగా ఉంది" అన్నాడు. "అది నిన్నటిది బావా" అందావిడ. సంగతి అక్కడితో ఆగింది.

చివరికి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఢిల్లేశ్వరరావుతో మొర పెట్టుకున్నాడు. ఢిల్లేశ్వరరావు ఢిల్లీ మాట దేవుడెరుగు, విశాఖపట్నం దాటి ఎరగడు. సలహాలు మాత్రం దేశమంతటికీ సరిపోయేవి ఇస్తాడు.

"నోటితో సెప్పకండి. గడిలో పెట్టి ఇచ్చీండి. ఆవిడే నింపుకుంటాది, ఆవిడే సదువుకుంటాది. నాకెందుకు సెప్పలేదని రేపడిగితే, గురువారమే రాతమూలకంగా ఇచ్చేనని మీరనొచ్చు. మెమో అందినట్టే లెక్క."

కూర్మారావుకి ఆ మాట నచ్చింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతను నోటితో చెప్పిన పని ఒక్కటీ కాలేదు. కాగితం మీద పెట్టినవి మాత్రం ఎప్పటికైనా కదిలాయి.

"అక్షరాలు తొమ్మిదే ఉండాలండి. ఏదీ రెండోసారి రాకూడదు," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

ఇద్దరూ వేళ్లు మడిచారు. ఆ, ది, వా, రం. పె, ళ్లి, చూ, పు, లు. సరిగ్గా తొమ్మిది. ఒక్కటీ రెండోసారి రాలేదు.

"సూసేరా, గడికి సరిపడా కొలిసి పంపించేడు దేవుడు," అన్నాడు ఢిల్లేశ్వరరావు. మధ్యాహ్నానికల్లా కంప్యూటరు చేత గడి చేయించి ప్రింటు తీసిచ్చాడు.

సాయంత్రం కూర్మారావు దాన్ని భార్య చేతిలో పెట్టి, "మా ఆఫీసులో ఎవరో ఇచ్చేరు. నువ్వయితే సేత్తావని తెచ్చేను," అన్నాడు. ప్రమోదిని గడి కింద ఉన్న అక్షరాల వంక చూసింది. తర్వాత అతని వంక చూసింది. "బాగుంది బావా, తరవాత సూత్తాను," అని ఫ్రిజ్ మీద అయస్కాంతం బిళ్ల కింద అంటించింది.

శుక్రవారం పొద్దున్న అతను అటువైపు ఏడుసార్లు మంచినీళ్లకు వెళ్లాడు. గడి ఖాళీగానే ఉంది.

"గడి సూసేవేటి?"

"సూసేను. కష్టంగా ఉంది బావా."

ఆవాలు వేగేలోపు గడి నింపే మనిషికి ఇది కష్టమైందా? కూర్మారావు ఉండబట్టలేక పెన్సిలు తీసుకుని తానే ఒక ఏడు వేశాడు. ప్రమోదిని వచ్చి చూసింది. "ఆ వరసలో ఏడు ఇంతకుముందే ఉన్నాది," అని రబ్బరుతో చెరిపి ఊదింది. ఆ పొడి వచ్చి అతని చొక్కా మీద పడింది.

సాయంత్రం అతను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ ఫోన్ చూసుకుంటోంది.

"నాకు అవ్వడంలేదు బావా. మా గుంపులో పెట్టీసేను."

కూర్మారావు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆవిడ గడుల గుంపు పేరు "గడి గడికీ". కంచిలి నుంచి నరసన్నపేట దాకా నూట పన్నెండు మంది ఉన్నారు. వేరే పనిలేని వాళ్లు కొందరు, ఉన్న పని మానేసినవాళ్లు మిగతావాళ్లు.

ఎనిమిది కాకుండానే మొదటి ఫోన్ వచ్చింది. పక్కవీధిలో ఉండే రిటైర్డు పోస్టుమాస్టరు అప్పలస్వామి.

"కూర్మారావుగారూ, ఆదివారం ఎన్నింటికండీ?"

"ఏటి ఎన్నింటికండీ?"

"అదేనండి, ఐదో వరస. ఎవరి పెళ్లిసూపులో రాయలేదు గానీ, ఇంత ముద్దుగా పిలిస్తే రాకుండా ఎలగుంటాం. మావోళ్లు ఏడుగురం కలిసొత్తాం."

కూర్మారావు అది పిలుపు కాదని చెప్పబోయాడు. పిలుపు కాకపోతే మరేమిటో చెప్పాల్సి వస్తుందని ఆగిపోయాడు. "పదింటికండి," అన్నాడు.

శనివారం పొద్దున్న పాలు పోసే మంగ గుమ్మంలో గిన్నె అందుకుంటూ, "బాబూ, రేపు రెండు లీటర్లు ఎక్కువ తేవాలా? పెళ్లిసూపులంట కదా," అని అడిగింది. మంగకు చదువు రాదు. పోస్టుమాస్టరు ఇంట్లోనూ ఆవిడే పాలు పోస్తుంది. కూర్మారావు వేలు పెదవుల మీద పెట్టి, రెండో చేత్తో మూడు లీటర్లని చూపించాడు.

మధ్యాహ్నానికి కాశీబుగ్గలో ఇస్త్రీ కొట్టతను, స్టేషన్ దగ్గర పళ్ల దుకాణం అతను కూడా అడిగేశారు. ఊరంతా తెలిసిపోయింది. ఇంట్లో మనిషికి మాత్రం ఇంకా తెలియలేదని కూర్మారావు గట్టిగా నమ్మాడు. అంత తెలివైన మనిషికి ఎందుకు తెలియలేదో ఆలోచించే ఓపిక అతనికి లేకపోయింది.

ఆ సాయంత్రం ప్రమోదిని మర్నాటి చీర ఇస్త్రీ చేస్తోంది. ఇక లాభం లేదు, చెప్పేయాలి అనుకుని అతను గదిలోకి వెళ్లాడు.

"రేపు..." అన్నాడు.

"రేపు పొద్దున్నే మొదటి బండికి ఎల్లిపోతాను బావా." ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. చేతులు రెండూ ఖాళీ చేసుకుని అతని ముఖంలోకి చూసింది. "నీకు నాతో ఏటైనా సెప్పాలేటి?"

పంకా తిరుగుతోంది. వీధిలో ఎవరో కొబ్బరికాయలు దింపుతున్నారు, ఒక్కొక్కటే దబ్బుమని పడుతోంది. మూడు కాయలు పడేదాకా ప్రమోదిని అలాగే చూస్తూ ఉంది.

"జాగర్తగా ఎల్లు," అన్నాడు కూర్మారావు.

"అలగే," అని ఆవిడ మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

ఆదివారం అతను లేచేసరికి ఆవిడ లేదు. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీద మూత, మూత కింద కాగితం. కాగితం మీద స్కేలు పెట్టి గీసిన గడి. కింద ప్రమోదిని గుండ్రటి అక్షరాలు, ఒక్కో అంకెకి ఒకటి.

ఏం రాసిందో తెలియాలంటే గడి నింపాలి. గంటసేపు కుస్తీ పట్టి మూడు అంకెలు వేశాడు. అందులో రెండు తొమ్మిదులు పక్కపక్కనే కూర్చున్నాయి. ఢిల్లేశ్వరరావుకి ఫోన్ చేశాడు.

"నాకు గడి నింపడం రాదండి. మొన్నది సేసింది కంప్యూటరు. దానికి ఆదివారం సెలవు," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

పది కాకుండానే పెద్దతల్లి, బావగారు, ప్రవల్లిక వచ్చారు. వెనకే పెళ్లికొడుకు పవన్, తల్లిదండ్రులు, ఇంకో ముగ్గురు. వాళ్ల వెనక అప్పలస్వామి మరో ఆరుగురితో వచ్చాడు. ఆ ఏడుగురి జేబుల్లోనూ పెన్సిళ్లు ఉన్నాయి. కూర్మారావు మూడు లీటర్ల పాలతో టీ పెట్టాడు. పంచదార వేయడం మరిచిపోయాడు. పెళ్లికొడుకు తండ్రి ఒక గుక్క తాగి, తనకు షుగరున్న సంగతి వీళ్లకెలా తెలిసిందని తెగ సంతోషపడ్డాడు.

టిఫిన్ మాట ఎవరూ ఎత్తలేదు. కానీ అందరూ వంటింటి వైపే చూస్తున్నారు.

కూర్మారావు చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న కాగితం అప్పలస్వామి కంటపడింది. "కొత్త గడేనండీ?" అని లాగేసి బల్ల మీద పరిచాడు. ఏడుగురూ దాని చుట్టూ మూగారు. పవన్ కూడా కుర్చీ ముందుకు జరుపుకుని ఒక అంకె వేశాడు.

"ఆరు అక్కడ రాదండి. కింద ఉన్నాది," అంది ప్రవల్లిక. పెళ్లికొడుకుతో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అదే.

"అయితే మూడా?"

"మూడే."

పెద్దవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. పోస్టుమాస్టరు తెలివైనవాడు, పెన్సిలు కిందపెట్టి వెనక్కి జరిగాడు. పది నిమిషాల్లో ఇద్దరూ కలిసి గడి నింపేశారు. ప్రవల్లిక ఐదో వరుస మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, చివరికి గట్టిగా చదివింది.

"వంటా వడ్డనా నీవే బావా."

ఆ పిల్ల చదివింది పెళ్లికొడుకు ముఖం ఎదురుగా. పవన్ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు నేల చూపులు చూసి, "అలగేనండి. నాకు వంటొచ్చు," అన్నాడు.

పెళ్లికొడుకు తల్లిది బరంపురం వైపు పుట్టిల్లు. నవ్వాపుకోలేక ముందు ఒడియాలో "భొలొ హెలా" అనేసి, తర్వాత తెలుగులోకి వచ్చి, "బాగానే అయ్యింది. మావోడు హాస్టల్లో నేర్సుకున్నాడు. పనికొత్తాదనుకోలేదు," అంది.

అది నిజానికి తనకు రాసిన చీటీ అని కూర్మారావు ఒప్పుకోక తప్పలేదు. పదహారు మంది నవ్వుతుండగా అతను ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు. కళ్లనీళ్లకు అదొక సాకు దొరికింది. పవన్ ఉప్మా కలిపాడు. రవ్వ సరిపోకపోతే డబ్బాలో ఉన్న జీడిపప్పంతా కుమ్మరించాడు. ఇది జీడిపప్పులో వేసిన ఉప్మా అని అప్పలస్వామి రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. వడ్డన మాత్రం కూర్మారావుదే.

సంబంధం ఖాయమై అందరూ లేస్తుంటే పెద్దతల్లి తమ్ముణ్ణి పక్కకు పిలిచింది.

"నీకొక సంగతి సెప్పాల. నీకు ఫోన్ సేసిన రోజే నాను మరదలికీ సేసేను."

"ఆ రోజే తెలుసా?" అన్నాడు కూర్మారావు. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"తెలుసు. బావ నోరిప్పి సెప్తే పోటీ మానీసి, పొద్దున్నే లేసి అన్నీ నానే సేత్తాను వదినా అంది. సెప్పకపోతే మటుకు ఎల్లిపోతానంది. నిన్న సందేళ దాకా సూసేనని, రేతిరి నాకు ఫోన్లో సెప్పింది. నువ్వు సెప్తావనే అనుకున్నాదిరా తమ్ముడా."

కూర్మారావుకి కొబ్బరికాయలు పడిన చప్పుడు చెవుల్లో వినిపించింది. వెళ్లి పదహారు ప్లేట్లూ తోమి పెట్టాడు.

సాయంత్రం బండి వేళకు స్టేషన్‌కు వెళ్లాడు. ప్రమోదిని మూడో బహుమతిగా ఇచ్చిన స్టీలు క్యారేజీ పట్టుకుని దిగింది. కూర్మారావు దాన్ని అందుకుని, ఆవిడ ఏమైనా అడిగే లోపలే మొదలుపెట్టాడు.

"ప్రమోదినీ, నీకు రెండు మాటలు సెప్పాల. ఇన్ని రోజులు సెప్పకుండా దాసీడం నాదే తప్పు. ఇంకోటి, నిశ్చితార్థం కూడా మనింట్లోనే. వొచ్చే నెల పన్నెండు. నాను ఒప్పీసుకున్నాను. నలభై మందొత్తారు."

ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. తల లోపలికి పోలేదు. ప్రమోదిని ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయి అతన్ని కొత్తగా చూసింది. నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి కూర్మారావుకి ధైర్యం పొంగింది.

"నువ్వేటీ కంగారు పడకు. ఆ రోజు వంటా నానే, వడ్డనా నానే."

"నలభై మందికీనా?"

"నలభై మందికీ."

"సరే అయితే," అంది ప్రమోదిని, మెట్లవైపు నడుస్తూ. "వదిన ఇప్పుడే ఫోన్ సేసింది. టెక్కలి నుంచి వంటోళ్లని పిలుత్తానంటే సరేనన్నాను. ఆళ్లని వొద్దనీమంటావా, ఇప్పుడే సెప్పీ బావా."

కూర్మారావు నోరు తెరిచాడు. ఏ అక్షరమూ రాలేదు. చేతిలో క్యారేజీ మార్చుకుని, ఆవిడ వెనకే మెట్లెక్కాడు.