తీసేసిన మాటలు వచ్చే ఇల్లు

చీరాలలో ఎవరైనా ఆన్‌లైన్ గ్రూపులో ఒక కామెంటును తీసేస్తే, అది మర్నాడు పొద్దున ఆరున్నరకల్లా తీసేసినవాళ్ళ ఇంటికి నడిచి వస్తుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఖాళీ ఉన్నచోట చూసుకుని కూర్చుంటుంది. ముప్పై రోజులు ఉంటుంది. ముప్పై ఒకటో రోజున ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతుంది. ఈలోగా మోడరేటరు మనసు మార్చుకుని దాన్ని మళ్ళీ గ్రూపులో పెడితే మాత్రం, తాగుతున్న మంచినీళ్ళ గ్లాసు అక్కడే వదిలేసి బయల్దేరుతుంది.

మనిషి ఎత్తే ఉంటాయి. మొహం ఉండాల్సిన చోట, రాసినవాళ్ళు పెట్టుకున్న ప్రొఫైల్ ఫోటో ఉంటుంది. అందువల్ల దామర్ల ఏకాంబరంగారి వరండాలో ఏ రోజు చూసినా నాలుగైదు గులాబీపూలు, ఒక రామచిలక, రెండు మోటారుసైకిళ్ళు వరసగా కూర్చుని ఉండేవి. గొంతు మాత్రం రాసినవాళ్ళదే. ఒక్కో కామెంటుకు తనలో ఉన్న మాటలు తప్ప వేరే మాటలు రావు. అవే అంటుంది. రోజుకు పది పన్నెండుసార్లు అంటుంది.

ఏకాంబరంగారు మున్సిపల్ హైస్కూల్లో గుమాస్తా. నాలుగేళ్ళ కిందట మంచినీళ్ళ ట్యాంకులో కోతి పడి చచ్చిందని "మన చీరాల మాటామంతీ" గ్రూపులో ఎవరో రాస్తే, ఆయన స్వయంగా ట్యాంకు ఎక్కి, కోతి లేదని ఫోటో పెట్టారు. గ్రూపు పెట్టిన ప్రసూనాంబగారు, రిటైరైన లెక్కల టీచరు, ఆ సాయంత్రమే ఫోన్ చేసి "మీకు ఓపిక ఉంది. మోడరేటరుగా ఉండండి. జీతం లేదు," అన్నారు. ఆయన జీతం సంగతి పట్టించుకోలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఓపిక ఉందని ఆయనతో అన్నవాళ్ళు అంతకుముందు లేరు.

గ్రూపులో నలభై ఒక్క వేలమంది ఉన్నారు. ఫిర్యాదులు రోజుకు రెండొందలు వస్తాయి. పొద్దున పళ్ళు తోముకుంటూ, బస్సులో, మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ ఎడంచేత్తో, ఆయన వాటిని చూస్తారు. తీసేసిన ప్రతిదానికీ ఒక కారణం నంబరు వెయ్యాలి. ఒకటి బూతులు, రెండు పుకార్లు, మూడు కులం, నాలుగు మతం, ఐదు అమ్మకాలు, ఆరు చర్చకు సంబంధం లేనివి. రోజుకు సగటున పన్నెండు పోతాయి. కాబట్టి ఏ పూట లెక్క చూసినా ఇంట్లో మూడొందల అరవైకి అటూ ఇటూగా ఉంటాయి. వరండా, మేడమెట్లు, పెరడు చాలక మంచం కింద కూడా పడుకుంటాయి. ఎన్నికల నెలలో అయితే వీధి మలుపుదాకా కూర్చున్నాయి. ఇంటి ఓనరు వచ్చి, మెట్లమీద చెప్పులు మాత్రం వదలొద్దని చెప్పి వెళ్ళాడు.

అందరికీ నీళ్ళిచ్చేది ఆయన భార్య సౌభాగ్యం. పొద్దున ఆరింటికే రెండు బిందెలు నింపి పెట్టేది. అధికార పార్టీకి అమ్ముడుపోయాడని ఆయన్ను తిట్టిన కామెంటుకూ, ప్రతిపక్షానికి అమ్ముడుపోయాడని తిట్టిన కామెంటుకూ ఒకే చాప వేసేది. ఆ రెండూ ఒకే పేపరు సగం సగం పంచుకుని చదువుకునేవి.

"మొన్నటి రామచిలక పోయిందా?" అని ఒకసారి అడిగింది.

"ఊఁ," అన్నారాయన ఫోనులోంచి తల ఎత్తకుండా.

గొంతులు తెలిసినవే కావడం వల్ల కొన్ని ఇబ్బందులు ఉండేవి. స్కూల్లో డ్రిల్లు మాస్టరు బుజ్జిబాబు రోజూ ఎదురొచ్చి "నమస్తే ఏకాంబరంగారూ, టిఫినయిందా?" అనేవాడు. పెరట్లో జామచెట్టు కింద కూర్చున్న పులిబొమ్మ మొహం కామెంటు, అచ్చం ఆ గొంతుతోనే, "ఈ మోడరేటరుగాడి వీపు చీరేస్తే గానీ ఊరు బాగుపడదు" అనేది. రాసినవాళ్ళెవరో తెలిసినా బయట పెట్టకూడదని గ్రూపు తొమ్మిదో నియమం. ఆయన పొద్దున ఆ మాట విని, స్నానం చేసి, స్కూలుకు వెళ్ళి "అయిందండీ, ఉప్మా," అనేవారు. మొదట్లో కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది.

ఆషాఢంలో ఒక మంగళవారం, కుళాయి నీళ్ళు రెండ్రోజులకోసారి రావడం గురించి గ్రూపులో పెద్ద గొడవ జరిగింది. మూడొందల కామెంట్లు వచ్చాయి. వాటి మధ్యలో, బొమ్మ లేని ఖాతానుంచి ఒకటి ఉంది: "మా ఆయన నాతో మాట్లాడి పదకొండు రోజులైంది."

కుళాయిలతో దానికేమీ సంబంధం లేదు. ఏకాంబరంగారు ఆరో నంబరు వేసి తీసేశారు. నాలుగు సెకన్లు పట్టింది. ఆ రోజు తీసేసినవి పంతొమ్మిది. అది పదమూడోది.

మర్నాడు పొద్దున పంతొమ్మిదీ వచ్చాయి. పద్దెనిమిది వరండాలో సర్దుకున్నాయి. ఒకటి మాత్రం, మొహం చోట బూడిదరంగు ఖాళీతో, ఎవరినీ దారి అడక్కుండా నేరుగా లోపలికొచ్చి, వంటింటి గుమ్మం పక్కన ఉన్న ముక్కాలి పీటమీద కూర్చుంది. ఆ పీట తలుపు వెనక ఉంటుందని కొత్తవాళ్ళకు తెలీదు. సౌభాగ్యం దానికి నీళ్ళిచ్చింది. దానివైపు చూడలేదు.

ఏకాంబరంగారు లెక్క చూసుకోడానికి ఫోనుతో వచ్చారు.

"మా ఆయన నాతో మాట్లాడి పదకొండు రోజులైంది," అంది కామెంటు.

ఆయన లెక్క ఆపేశారు. ముప్పై ఏళ్ళుగా "అన్నానికి రండి" అని పిలిచిన గొంతు అది. వంటింట్లో సౌభాగ్యం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఒక్కొక్కటే తీస్తోంది. ఆయన ఆ గుమ్మంలోనే వేళ్ళమీద లెక్కపెట్టారు. కిందటి శుక్రవారానికి ముందు శుక్రవారం "చార్జరెక్కడ పెట్టావ్?" అని అడిగిన గుర్తుంది. ఆమె చూపించింది. ఆ తర్వాత ఊఁ అన్న గుర్తులే తప్ప మాట గుర్తు రాలేదు. పదకొండు సరిగ్గానే ఉంది. ఇవాళ్టితో పన్నెండు.

మధ్యాహ్నం స్కూలునుంచి ప్రసూనాంబగారికి ఫోన్ చేశారు.

"ఇంట్లోవాళ్ళ కామెంటు తీసేశానండీ. తెలీక."

"అలాంటివి వస్తుంటాయి," అన్నారావిడ. "మళ్ళీ పెట్టండి, లేదా ముప్పై రోజులు ఉంచుకోండి. మధ్యేమార్గం లేదు."

"మళ్ళీ పెడితే ఊరంతా చూస్తుంది కదండీ."

"చూస్తుంది. ఆరో నంబరు తప్పని మీకనిపిస్తే పెట్టాల్సిందే. అనిపిస్తోందా?"

ఆయన ఆలోచించారు. "కుళాయిలకు సంబంధం లేని మాటేనండీ."

"మరింకేం," అన్నారావిడ. "ఏకాంబరంగారూ, మీకు కాబట్టి చెబుతున్నా. నేను రోజూ ఒకటో రెండో మంచివి కూడా తీసేస్తుంటాను. వంటలగురించీ, పాటలగురించీ రాసినవి. ఇల్లు మరీ బోసిగా ఉంటోంది."

ఆయన దాన్ని తప్పని అనలేదు. ఆవిడ తీసేసినవాటిలో సౌభాగ్యం ఏ గోంగూర పచ్చడి గురించో రాసింది కూడా ఉండొచ్చని తట్టింది గానీ, అడగలేదు.

ఆ సాయంత్రం బూట్లు విప్పి, వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "సౌభాగ్యం," అన్నారు.

"ఏంటండీ?" అని ఆమె స్టవ్ తగ్గించి ఇటు తిరిగింది.

ఆమె మొహంలో మొహమే ఉంది. అది ఎదురుచూస్తోంది. ఆయన నోరు తెరిచారు. జేబులో ఫోను నాలుగుసార్లు అదిరింది. నాలుగు ఫిర్యాదులు, అందులో ఒకటి నాలుగో నంబరు, మతం. అలాంటివాటిని పది నిమిషాల్లో చూడకపోతే ఊళ్ళో గొడవలవుతాయి. ఒకసారి అయ్యాయి కూడా. ఆయన వెళ్ళి చూశారు. వచ్చేసరికి ఆమె కంచం పెట్టి, మూత పెట్టి, దేవుడి దగ్గర దీపం పెట్టడానికి వెళ్ళింది.

పీటమీది కామెంటు అక్కడే ఉంది. "మా ఆయన నాతో మాట్లాడి పదకొండు రోజులైంది," అంది.

"అవును," అన్నారాయన కంచం ముందు కూర్చుంటూ. తర్వాత, దానికి బదులు చెప్పడం రాదు కాబట్టో, చూడ్డానికి కళ్ళు లేవు కాబట్టో, ఇంకో మాట వచ్చింది. "పొద్దున హెడ్మాస్టరు కొత్త బీరువా తాళం పారేశాడు. అటెండరుమీద అరిచాడు. తీరా చూస్తే ఆయన జేబులోనే ఉంది."

"మా ఆయన నాతో మాట్లాడి పదకొండు రోజులైంది."

"అటెండరు పాపం ఏడ్చాడు. నేనైనా ఒక మాట అనాల్సింది. అనలేదు. బుజ్జిబాబు రాసింది చదివినప్పటినుంచీ నాకు మనుషుల ముందు నోరు లేవడం లేదు. నోరు విప్పితే చాలు, ఎవడో ఒకడు వచ్చి వరండాలో కూర్చుంటాడని భయం."

దేవుడి గదిలో గంట సగంలో ఆగింది. దీపం పెట్టడానికి మామూలుగా పట్టేదానికంటే ఆ రోజు ఎక్కువసేపు పట్టింది.

మర్నాటినుంచి అదొక పద్ధతిలో పడింది. ఏకాంబరంగారు భోజనం వేళకు పీట పక్కన కూర్చుని కామెంటుతో మాట్లాడేవారు. రిటైర్మెంటుకు రెండేళ్ళే ఉందనీ, ఆ తర్వాత పొద్దున్నే ఏం చెయ్యాలో తెలీట్లేదనీ చెప్పారు. మోకాలు నొప్పి సంగతి చెప్పారు. పెళ్ళైన కొత్తలో వాడరేవులో సౌభాగ్యం చెప్పు అలల్లో కొట్టుకుపోతే, ఆయన రెండో చెప్పుకూడా విసిరేశారనీ, అది తనకింకా గుర్తుందనీ చెప్పారు. సౌభాగ్యం ఆ వేళకు మిక్సీ వెయ్యడం మానేసింది. పోపు కూడా ముందే పెట్టేసేది.

తొమ్మిదో రోజున ఆయనకు సిగ్గేసింది. ఫోను తీసి, "దీన్ని మళ్ళీ పెట్టేస్తాను," అన్నారు గట్టిగానే.

సౌభాగ్యం చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఎందుకూ? నలభై వేలమందికి తెలియాలా?"

"తీసెయ్యడం నా తప్పే."

"ఉండనివ్వండి. దాంతోనైనా మాట్లాడుతున్నారు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆయనకు అదే ఇబ్బందిగా అనిపించింది. "నీతో మాట్లాడతాను," అన్నారు.

"మాట్లాడండి." ఆమె తలుపుకు ఆనుకుని నిలబడింది.

"ఏం మాట్లాడమంటావ్?"

"దాంతో చెప్పేవే చెప్పండి."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. కనుబొమల మధ్య ఒక గీత ఆయనకు తెలీకుండా ఎప్పుడో పడింది. ఏ మాటంటే ఆ గీత ఎటు కదులుతుందో తెలీదు. వాడరేవు సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. కామెంటుకు చెప్పినప్పుడు అది మంచి కథ. ఈమె ముందు చెబితే, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఏమైందని అడుగుతుంది. అడగకపోవచ్చు కూడా. ఒక నిమిషం గడిచింది. ఆమె మరో నిమిషం నిలబడింది.

"పోనీ లెండి. కూర చల్లారిపోతుంది," అని లోపలికి వెళ్ళింది. కోపంగా వెళ్ళలేదు.

ముప్పై ఒకటో రోజున కామెంటు వెళ్ళిపోయింది. పీట ఖాళీగా ఉంది. ఆ పూట ఏకాంబరంగారు అన్నం సగం తిని లేచారు. సౌభాగ్యం కంచం తీస్తూ చూసింది. సాయంత్రం, గేదెలు రోడ్డుమీద పడుకోవడం గురించిన పోస్టు కింద, బొమ్మ లేని ఖాతానుంచి ఒక కామెంటు వచ్చింది: "బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోవద్దు." ఆయన చూశారు. ఆరో నంబరు వేశారు. అలా వెయ్యడంలో తొందరా తడబాటూ లేవు. మర్నాడు ఆరున్నరకు అది వచ్చి పీటమీద కూర్చుంది. ఆయన మాత్ర వేసుకుని, "వేసుకున్నాను," అని చెప్పారు.

తర్వాత వారానికి రెండుమూడు వచ్చాయి. "వంకాయలు చేదొచ్చాయి, ఏమనుకోవద్దు." "ఆ నీలం చొక్కా బాగుంది." ఆయన అన్నీ తీసేశారు. వంటింటి గుమ్మం దగ్గరికి రెండో పీట కొన్నారు, మూడోది కూడా. పక్కింటివాళ్ళు గోడ మీదుగా ఎప్పుడూ ఆయన మాటలూ ఆవిడ గొంతూ వినిపిస్తున్నాయని, ఈ కాలంలో అంత ముచ్చటైన జంట అరుదని అనుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

కార్తీకంలో ఒకరోజు, వీధిదీపాల పోస్టు కింద కొంచెం పొడవైనది వచ్చింది. ఏకాంబరంగారు అప్పుడు వరసగా ఒకటో నంబరు బూతులు తీసేస్తున్నారు. బొమ్మ లేని ఖాతా చూసి, ఎలాగూ రేపు పొద్దున వినొచ్చని, ఆరో నంబరు వేసి పడుకున్నారు.

పొద్దున లేచేసరికి ఇల్లు ఊడ్చి ఉంది. బిందెలు రెండూ నింపి ఉన్నాయి. స్టవ్ చల్లగా ఉంది. ఆరున్నరకు కామెంటు వచ్చి, చీర కొంగు సర్దుకున్నట్టు చెయ్యి ఒకసారి అలా కదిపి, పీటమీద కూర్చుంది.

"మా అక్కకు రేపు ఒంగోల్లో కంటి ఆపరేషను. తెల్లవారుజాము ప్యాసింజరుకు వెళ్తున్నాను. రైలెక్కించడానికి వస్తారేమోనని చెబుతున్నాను," అంది.

ఆయన గోడగడియారం చూశారు. ప్యాసింజరు వెళ్ళి గంటన్నర అయింది. వరండాలో మిగతావి నీళ్ళకోసం ఎదురుచూస్తున్నాయి. ఆయన గ్లాసు కడిగి, ముందు దీనికే నీళ్ళిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"జాగ్రత్తగా వెళ్ళు," అన్నారు దాంతో. "చేరగానే ఒక కామెంటు పెట్టు. చూడగానే తీసేస్తాను."