ఫోర్ వీల్ డ్రైవ్ వర్ధిల్లాలి!

సరుకు మోసే వ్యానుకి నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోతే ఆ వ్యాపారం మూసేసుకోవడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి! రెండు చక్రాలు లాగుతుంటే మిగతా రెండూ ఊరికే వెంట దొర్లే బళ్లని నమ్ముకుని, మన పెద్దలు ఇన్నాళ్లూ చేపలూ ధాన్యం బస్తాలూ ఎలా తోలారో తలుచుకుంటే జాలేస్తుంది. పాపం, వాళ్లకి వీడియోలు లేవు.

రేపు చీపురుపల్లి దారిలో హిమాలయాలు అడ్డొస్తే? రైల్వే గేటు దగ్గర ఎడారి లేస్తే? అరసవల్లి ఆటోల మధ్య నుంచి బయటపడాలంటే మాత్రం చక్రాలు చాలవు, రెక్కలు కావాలి. అది వేరే సంగతి.

శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డున ఉండే ఎల్లాజీకి ఇంత ముందుచూపూ ఉంది. అతని భార్య గురమ్మ మా చీపురుపల్లికి చేపలు తెచ్చే మనిషి. ఒడ్డున బేరమాడేది ఆవిడ, ఐసు వేసి ట్రేలకెత్తేది ఆవిడ, ఆ ట్రేలు బండిలోకి ఎక్కించేది ఆవిడ, అమ్మేదీ ఆవిడే. ఎల్లాజీ స్టీరింగు తిప్పుతాడు. కాబట్టి పాత బండి మూలపడ్డాక కొత్త వ్యాను ఎంచే బాధ్యత న్యాయంగా ఎల్లాజీకే దక్కింది.

వ్యాపారానికి బండి ఎంచడం ఆషామాషీ అనుకున్నారా? చెల్లెలి మొగుడు ధనరాజ్‌ని పిలిపించాడు. ఇద్దరూ వాకిట్లో మంచమేసుకుని, వానలు వెనకబట్టేదాకా ఫోన్లో వ్యానులు చూశారు. మంచుకొండ ఎక్కే వ్యాను! వాగులో ఈదే వ్యాను!

"సూడు బావా, ఇసకలో దిగినా లెక్కసెయ్యదు. నాలుగు సక్రాలూ ఒకేపాలి లాగుతాయి," అన్నాడు ధనరాజ్.

"బండి ఇసకలోకెందుకు దిగుతాది? ఒడ్డు దాకా తారురోడ్డు ఉన్నాది కదేటి?" అంది గురమ్మ.

"ఒసే, బళ్ల సంగతి నీకేటి తెలుసు? టీ అట్టుకురా!" అన్నాడు ఎల్లాజీ.

సరిగ్గా చెప్పాడు. శాస్త్ర చర్చ నడుస్తుంటే మధ్యలో రోడ్డెందుకు?

వ్యాను వచ్చింది. బంతిపూల దండ, నుదుట పసుపు. వాగులు దాటాల్సిన బండి కదా, ఒంటెలా కాళ్ల మీద లేచి నిలబడింది. గురమ్మ చేపల ట్రే ఎత్తుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. సరుకు పెట్టే చోటు ఆవిడ గెడ్డం ఎత్తున ఉంది.

"ఇదేటి మావా, బండా, డాబానా? పాతది నా నడుం కాడుండేది. దీనికి నిచ్చెన ఇవ్వనేదా?"

"అలవాటైపోతాదిలే!"

అలవాటు కాలేదు. ట్రే తలమీదికెత్తి లోపలికి తోస్తుంటే ఐసు నీళ్లు మెడ మీదుగా జాకెట్టులోకి దిగాయి. భుజం పట్టేసింది. లోడెక్కేసరికి పొద్దెక్కేది; ఆవిడ వచ్చేసరికి నాలాంటి విశ్వాసపాత్రులైన వాడుకదార్లందరం పక్కవాళ్ల దగ్గర కొనేసి, పులుసు కూడా పెట్టేసుకునేవాళ్లం. చేపలు మిగిలిపోయేవి. వారం తిరక్కుండానే గురమ్మ తెగేసి చెప్పింది.

"నా వల్ల కాదు. ఈ యాపారమేదో నువ్వూ, నీ బావా సేసుకోండి."

ఎల్లాజీయే ఎత్తొచ్చు కదా అని మీలో ఎవరికైనా అనిపించిందా? ఛ! స్టీరింగు పట్టే చేతులండీ అవి!

మళ్లీ మంచం పడింది. మళ్లీ ఇద్దరు మేధావులూ కూర్చున్నారు. ఈసారి వీడియో లేకుండానే మార్గం దొరికింది. తారురోడ్డు పక్కన ఇసకలో గొయ్యి తవ్వించి, వ్యాను వెనక చక్రాలు రెండూ అందులోకి దించారు. సరుకు పెట్టే చోటు చక్కగా గురమ్మ నడుం దగ్గరికి వచ్చేసింది! లోడెక్కింది. ఎల్లాజీ బటను నొక్కాడు. నాలుగు చక్రాలూ గర్జించి, అంత బరువు బండీ గోతిలోంచి పైకి లేచి రోడ్డెక్కింది.

"సూసినావేటే! రెండు సక్రాల లాగుడైతే ఈ గోతిలోంచి వస్తాదా?" అని ఎల్లాజీ మీసం దువ్వాడట.

రాదు, ఒప్పుకోవాల్సిందే! ఫోర్ వీల్ డ్రైవ్ ఎంత అవసరమో ఇప్పటికైనా మీకు అర్థమైందనుకుంటాను.

మొన్న గురమ్మ వేళకే వచ్చింది. వంజరం ముక్కలు కొడుతుంటే చూశాను, అరచేతుల నిండా బొబ్బలు.

"చేతులకేమైంది గురమ్మా?"

"ఆ గొయ్యేనమ్మా. సంద్రం గాలికి ఇసకొచ్చి పూడిపోతాది. మా మావకి ఆలోసన్లే గానీ పార పట్టడం రాదు కదా, రోజూ నేనే తవ్వతన్నాను," అంది.