అబ్బులు బడ్డీకి ఎర్ర ఇంటు

ప్రసన్నకుమారి గారు రాజమండ్రిలో ఒక డిజైన్ కాలేజీలో టీచరు. కుర్చీ, ఫ్యాను, కుక్కరు ఎలా ఉండాలో కనిపెట్టే పిల్లలకి చేత్తో బొమ్మ గీయడం నేర్పుతారు. స్కేలు పట్టకూడదు. రబ్బరు అసలు తేకూడదు. ఆ రోజు పొద్దున్నే పిల్లల్ని ధవళేశ్వరం కాలవ గట్టుకి తీసుకొచ్చి, సగం మందిని అబ్బులు టీ బడ్డీ ముందు కూర్చోబెట్టారు. పెట్టెలా ఉంది, మొదటి పాఠానికి బాగుంటుందని ఆవిడ ఉద్దేశం. మిగతా సగంతో లాకుల దగ్గరికి వెళ్ళారు.

అబ్బులుకి టీ కాయడం కంటే వింత చూడటం ఇష్టం. గ్లాసులు కడగడం మానేసి, సారిక అనే పిల్ల వెనకాల నిలబడ్డాడు. కాగితం మీద చెక్కలు, రేకు, బెంచీ ఒక్కొక్కటే లేచాయి. ముచ్చటేసింది. అంతలో ఆ పిల్ల ఎర్ర పెన్సిలు తీసి, బడ్డీ మొహం మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఇంటు కొట్టింది.

గట్టు మీద ఎర్ర ఇంటు పడిందంటే ఆ కొట్టు కాలవ ఆఫీసు వాళ్ళు లేపేస్తారని అందరికీ తెలుసు.

"అమ్మాయ్, ఆ ఇంటు ఏంటమ్మా?"

"మేడమే కొట్టమన్నారండి బాబాయ్ గారూ."

"కొంచెం చెరిపేద్దూ."

"అమ్మో! చెరిపితే మేడం ఊరుకోరండి."

అబ్బులు లాకుల దాకా పరిగెత్తాడు.

"మేడం గారూ, ఒకసారి గీశాక ఇంక చెరపడం లేదాండీ?"

"లేదండి. ఎవరడిగినా లేదు."

"మరి టైమెంతిస్తారండి?"

"భోజనాల్లోపు అయిపోవాలి."

"అంత తొందరేంటండీ?"

"తొందరగా చేస్తేనే చెయ్యి తిరుగుతుందండి."

ఇలాంటి మనిషిని అబ్బులు ఎక్కడా చూడలేదు.

తిరిగొచ్చేసరికి భార్య పాపాయి నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "పొయ్యి ఆర్పితే ఏం తింటామయ్యా?"

పంక్చర్లు వేసే అమ్మిరాజు ఓదార్చాడు. "ఒరే అబ్బులూ, వాళ్ళు కొడితే రేకు కూడా మిగల్దు. మనమే విప్పుకుంటే సామానన్నా దక్కుద్ది."

గట్టు మీది వాళ్ళంతా సుత్తులు తెచ్చారు. రేకు దిగింది, చెక్కలు ఊడాయి. పిల్లలు కదల్లేదు. వస్తువు లోపల ఏముందో కూడా గీయాలని మేడం చెప్పి ఉన్నారు. వస్తువు దానంతటదే తెరుచుకుంటుంటే వాళ్ళు పేజీ తిప్పి గీశారు.

మేడం వచ్చారు. "బడ్డీ ఏదర్రా?"

"విప్పేశారు మేడం."

"ఎవరు?"

"బడ్డీ వాళ్ళేనండి."

అబ్బులు చేతులు కట్టుకున్నాడు. "మీరన్న టైముకి ముందే అయిపోయిందండి."

విషయం తెలిసి ఆవిడ బెంచీ మీద కూలబడ్డారు. "ఇంటు కొట్టేది నడిమధ్య దొరకడానికండీ! అక్కణ్నుంచి కొలత చూసుకుంటాం, అంతే!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ," అంది పాపాయి.

"ఆయన అడిగింది అది కాదుగా అమ్మా!"

మళ్ళీ కట్టాలి. ఏ చెక్క ఎక్కడుండేదో మొగుడొకటి చెప్పాడు, పెళ్ళాం ఒకటి చెప్పింది. అప్పుడు అమ్మిరాజు సారిక కాగితం లాక్కున్నాడు. ఆ బొమ్మలో బడ్డీ కాలవ వైపు కొంచెం ఒరిగి ఉంది. మేడం ఏదో అనబోయారు.

"కాలేజీ ప్లానండి, మీరూరుకోండి," అని అమ్మిరాజు మేకు బిగించాడు.

సాయంత్రానికి పొయ్యి వెలిగింది. పాపాయి ఒక చేత్తో గ్లాసులు జారకుండా పట్టుకుని, రెండో చేత్తో అందరికీ టీ పోసింది. ప్రసన్నకుమారి గారు బొమ్మ వైపూ, బడ్డీ వైపూ చాలాసేపు చూశారు. ఎక్కడా తేడా దొరక్క, పదికి పది వేశారు.