కాస్త పక్కగా ఉద్రిక్తత

కువైట్‌లోని ఫింటాస్ తెలుగువారిలో ఒక చమురు వ్యాపారి అవతరించారన్న సంగతి ఓ శుక్రవారం మధ్యాహ్నం, పులిహోరకూ పెరుగన్నానికీ మధ్య, లోకానికి వెల్లడైంది. ఆయన పేరు అనంతరామ్. విజయవాడ మనిషి. అక్కడే ఒక చమురు కంపెనీలో భద్రతాధికారి. ఎడారిలో ఎక్కడా నిప్పురవ్వ లేవకుండా, ఎవరికీ ఏ ఆపదా రాకుండా చూడటం ఆయన ఉద్యోగం. కాళ్ళ కింద అంత చమురు పెట్టుకుని, ఆయన కెనడా చమురు, గ్యాస్ కంపెనీల షేర్లు కొన్నారు.

"ఈ ఇసుకను ఎన్నాళ్ళు నమ్ముకుంటామండీ?" అని భోజనానికి వచ్చినవారిని ఉద్దేశించి ప్రసంగించారు. "కెనడా చల్లని దేశం. జనం నెమ్మదస్తులు. ఎవరి కాలైనా తొక్కితే, తొక్కించుకున్నవాడే క్షమాపణ చెబుతాడట. అలాంటి చోట చమురు కూడా మర్యాదగానే ఉంటుంది."

హైదరాబాదులో ఫ్లాటు కోసం దాచిన సొమ్మంతా ఆ మర్యాదలోకి వెళ్ళిపోయిందని ఆయన భార్య సుమతికి అప్పుడే తెలిసింది. అతిథులకు అప్పడాలు కాస్త గట్టిగా విరిచి వడ్డించింది.

ఆనాటి నుంచి అనంతరామ్ ఇంట్లో వాతావరణం మారిపోయింది. బయట ఎండకు కారు తలుపు ముట్టుకోలేని రోజుల్లో ఆయన కెనడాలోని ఆల్బర్టా మంచు గురించి దిగులుపడేవారు. అక్కడ అడవి అంటుకుంటే ఇక్కడ ఆయనకు అన్నం సహించేది కాదు. ఇంతటి దేశభక్తిని చూసి పై అంతస్తు వెంకటసత్యనారాయణ కూడా షేర్లు కొన్నారు. ఆయన రాజమండ్రివారు, పైగా తెలుగు సంఘం కార్యదర్శి. కార్యదర్శి కొన్నాక సంఘం ఊరుకోవడం సభామర్యాద కాదు కనుక, సంఘమంతా కొంది.

షేర్లు మాత్రం కదల్లేదు. కారణం అనంతరామే కనిపెట్టారు.

"లోకం మరీ ప్రశాంతంగా ఉంది. గల్ఫులో ఓ చిన్న ఉద్రిక్తత వచ్చి ఓడలు ఆగాయనుకో, కెనడా చమురుకు ఎక్కడలేని గిరాకీ వస్తుంది. యుద్ధం వద్దు, దానికి నేను బద్ధవ్యతిరేకిని. ఉద్రిక్తత చాలు."

"గల్ఫంటే మనమే కదండీ?" అంది సుమతి.

"మన మీద కాదు. కాస్త పక్కగా."

కొన్నాళ్ళకు ఉద్రిక్తత వచ్చింది. మొదట కోరినట్టే కాస్త పక్కగా వచ్చింది. తర్వాత సర్దుకుని దగ్గరగా జరిగింది. ఓడలు ఆగాయి. ఫింటాస్‌లో సైరన్ మోగింది. విమానాలు రద్దయ్యాయి. అందులో కూతురు అక్షయ ఎక్కవలసిన విమానం కూడా ఉంది. విజయవాడలో తొలి కూచిపూడి ప్రదర్శన కోసం ఏడాదిగా తపించిన పిల్ల, సర్దిన పెట్టె పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సైరన్ మోగినప్పుడల్లా అనంతరామ్ వృత్తిధర్మం ప్రకారం అందరినీ కిటికీలకు దూరంగా, నడవాలో కూర్చోబెట్టేవారు. అక్కడ సిగ్నల్ కూడా బాగుండేది.

"భయపడకండి, పెరుగుతోంది," అన్నారు ఒకసారి ఫోను చూస్తూ.

"ఏంటండీ పెరిగేది? అమ్మేయండి. ఫ్లాటు డబ్బులు వచ్చేశాయి కదా!"

"ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే..."

"పిల్లని ఇలా గోడకి ఆనించి ఇంకో రెండు రోజులు కూర్చోబెట్టాలా?"

అక్షయ తల్లి ఒడిలో ముఖం దాచుకుని ఉంది. అనంతరామ్‌కు ఆ మాట గుచ్చుకుంది. శుక్రవారం సాయంత్రం టొరంటో మార్కెట్ తెరవగానే అమ్మేస్తానని పిల్ల తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చారు.

అదే శుక్రవారం మధ్యాహ్నం తెలుగు సంఘం గల్ఫు శాంతి కోసం సామూహిక ప్రార్థన తలపెట్టింది. భద్రతారంగంలో విశేషానుభవం గల అనంతరామే ముందుండి నడిపించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆయన చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నారు.

"సర్వేశ్వరా! గల్ఫులో శాంతి నెలకొల్పు. త్వరగా నెలకొల్పు. ఒకవేళ నీకు వేరే పనులుంటే, రేపు ఉదయం నెలకొల్పినా మాకు అభ్యంతరం లేదు."

సభ్యులందరూ కళ్ళు మూసుకునే తలలూపారు.

దేవుడికి ఆ రోజు వేరే పనులేవీ లేనట్టుంది. ప్రసాదం పంచేలోగానే ఫోన్లన్నీ ఒక్కసారి గుర్రుమన్నాయి. కాల్పులు ఆగాయి. ఓడలు కదిలాయి. విమానాశ్రయం తెరుస్తున్నారు. ఆ కబురు టొరంటోకూ అందింది. అక్కడ మార్కెట్ తెరవడమే పాతాళంలో తెరిచింది. పెరిగిందంతా పోయి, అసలుకూ గండి పడింది.

హాల్లో చప్పట్లు కొట్టింది అక్షయ ఒక్కతే. గెంతుతూ వచ్చి తండ్రిని వాటేసుకుంది. "నాన్నా, ఇంక వెళ్ళొచ్చు!" అంది. పిల్ల వీపు నిమురుతూ ఆయన నవ్వబోయారు. ఆ నవ్వు సగం దూరం వచ్చి ఆగిపోయింది. అలా ఆగినందుకు ఆయనకే సిగ్గేసింది. సుమతి చూడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నారు.

సభ్యులు మెల్లగా లేచి, వరుసగా వచ్చి, ఆయన చేతులు పట్టుకుని వదిలారు. చివరగా వెంకటసత్యనారాయణ వచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"గుండె దిటవు చేసుకోండి మాస్టారూ," అన్నారు. "శాంతే కదండీ. ఎన్నాళ్ళుంటాదండీ?"