అత్తగారి ఆవులింత, కంపెనీవారి పులకింత

ఆ ఆదివారం పొద్దున్న రీలుబాబు వేసుకున్న పథకం చిన్నదే. స్నానాల గదిలోనే కడిగి తాడు మీద ఆరేసిన ఫొటోని కెమెరా కంపెనీ పోటీకి పంపి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లని స్నానాలకి వదలడం. పేరుకు తగ్గట్టు ఆయన కంటికి రీలు కెమెరా తప్ప మరొకటి ఆనదు. నెగెటివ్‌లు కడుక్కునే మనిషే గానీ, ఆలోచనలన్నీ పాజిటివ్. ఆ కంపెనీయే ఎప్పుడో చేసిన కెమెరాతో తీసి, ఆ కంపెనీ పోటీకే ఏటా పంపుతాడు. కంపెనీ ఏటా కాదంటుంది. ఒక్కసారైనా వాళ్ల నోట ఫిల్ముకి 'భేష్' అనిపించాలని ఆయన పంతం.

ఈసారి బొమ్మ అలాంటిలాంటిది కాదు. వాలుకుర్చీలో అత్తగారు, ఆవిడ ఒళ్లో పిల్లి, ఇద్దరూ ఒకే క్షణాన ఆవులించారు. ఎవరి నోరు పెద్దదో తేల్చడం కష్టం. ఈ సంగతి అత్తగారికి తెలియదు.

ఫొటోని స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడితే, 'కెమెరా వివరాలు లేవు' అని తిప్పికొట్టింది. రీలుబాబు కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఎన్ని మెగాపిక్సెల్స్ సార్?" అంది అవతలి అమ్మాయి.

"మెగా లేదు, పిక్సెలూ లేదమ్మా. ఇది రీలు."

"రీలైతే వీడియో విభాగం సార్."

"ఆ రీలు కాదు తల్లీ! కెమెరాలో చుట్టే రీలు. కెమెరా మీదే, మా పెళ్లినాటిది."

"అయితే వారంటీ అయిపోయుంటుంది సార్."

తలుపు అవతల భార్య తువ్వాలుతో నిలబడి ఉంది. "మీ వారంటీ గొడవ తర్వాత. ముందు నన్ను స్నానం చేయనిస్తారా? మా తమ్ముడి డిజిటల్ కెమెరా ఇంట్లోనే పడుందిగా, అదీ ఆ కంపెనీదే. దాంతో ఈ ఫొటోకి ఓ ఫొటో తీసి పారేయండి!"

తీసి పారేశాడు. ఫొటోతోపాటు డిజిటల్ కెమెరా పేరూ దానంతటదే చేరడంతో, వెబ్‌సైట్ కళ్లకద్దుకుని పుచ్చుకుంది.

కొన్నాళ్లకి మొదటి బహుమతిగా కొత్త డిజిటల్ కెమెరా ఇంటికొచ్చింది. రీలుబాబు గాల్లో తేలుతూ కూడలిదాకా వెళ్లి, అక్కడ నేల మీద పడ్డాడు. మేడంత హోర్డింగు మీద అత్తగారు, పిల్లి. కింద పెద్దక్షరాలు: 'ఫిల్ముతో ఇది సాధ్యమా?'

ఒళ్లు మండి అక్కడినుంచే ఫోన్ చేశాడు. "అది ఫిల్మేనమ్మా!"

"కాదు సార్. వివరాల్లో మా డిజిటల్ కెమెరా అని స్పష్టంగా ఉంది. మీరే పొరబడుతున్నారు" అని ఆ అమ్మాయి ఓదార్చింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది, చేతిలో కూరల సంచి.

"అల్లుడుగారూ, నా కొండనాలుక ఊరందరికీ చూపించారట?"

"అత్తయ్యా, అదీ..."

"కూరల కొట్టతను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. రిక్షా అతను నమస్కారం పెట్టాడు. బతికుండగా మీ మావయ్యగారు ఏనాడైనా నన్నంత పెద్దగా చూశారా?" ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఇన్నేళ్లూ ఆ డొక్కు పెట్టెతో తీశారే, ఒక్కటైనా ఇలా కుదిరిందా? డిజిటల్ అంటే డిజిటలే!"

రీలుబాబు నోరు తెరిచాడు. భార్య గిల్లింది. మూశాడు.

సాయంత్రం మళ్లీ కూడలికి వెళ్లి చాలాసేపు చూశాడు. ఆ గరుకు, ఆ నీడల మెత్తదనం, అంతా ఫిల్మే. కంపెనీ తన ఖర్చుతో తనకే తెలియకుండా ఊరి నడిబొడ్డున ఫిల్ముకి భేష్ చెబుతోంది. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇప్పుడాయన ఆ కొత్త డిజిటల్ కెమెరాతో రోజూ ఫొటోలు తీస్తున్నాడు, తన ఫిల్ము ఫొటోలకి.