ఐవర్ సోలెమ్ వైఫైని జయించిన వైనము

వినుడు పెద్దలారా, తొందరపడక వినుడు! మహాసరోవర శీతపవన ప్రహార కంపిత గవాక్షంబులును, హిమరాశి నిమగ్న వాహన పరంపరలును గల డులూత్ నగరంబున, ఫిబ్రవరి మాసపు మంగళవార పూర్వాహ్ణ వేళ, అద్దెయింటి వంటగదిలో, చల్లారిన ఓట్స్ గిన్నె యెదుట, ఐవర్ సోలెమ్ అను మహావీరుండు ల్యాప్‌టాప్ తెరచి కూర్చుండెను. వేసవి నుండి ఉద్యోగము లేని యా వీరునకు నేడు పదకొండు గంటలకు, గ్రంథాలయమున కంప్యూటర్ సహాయకుని కొలువుకై వీడియోలో ఇంటర్వ్యూ. ఇదియు తప్పినచో అమ్మగారింటి బేస్‌మెంటే గతి.

అతని ల్యాప్‌టాప్ సామాన్యమైనదా? లోకులెల్ల విండోస్‌తో కాలక్షేపము చేయుచుండ, భద్రతా నిపుణులు పరదుర్గ ప్రాకార బలాబల పరీక్షణార్థము వాడెడి లినక్సును, సకల దివ్యాస్త్ర సహితముగా దెచ్చి, మెయిలు చూచుటకును వంటల వీడియోలు చూచుటకును ప్రతిష్ఠించుకొన్న ధీరుడతడు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమనిన నిదియే. చెప్పిన వినునా? వినడు.

ఆనాడు వైఫై రాలేదు.

“ఓరీ తంత్రీరహిత దురాత్మా, మత్పరాక్రమంబెరుగవా!” అని హృదయకుహరమున గర్జించి, పైకి మాత్రము “కనెక్టవ్వవే తల్లీ, నీకు దండం పెడతా” అని వేడుకొనెను. మరమ్మతు విధానము ఇంటర్నెట్టులో కలదు. మరమ్మతైనగాని ఇంటర్నెట్టు రాదు. ఏమి చేయును పాపము!

అదే యింట అద్దెకుండు మార్గో కాఫీ పోసికొనుచు వచ్చెను.

“నా ల్యాప్‌టాప్ తీసుకోరాదూ?”

“నీ విండోస్‌తో వెళ్లి కంప్యూటర్ ఉద్యోగం అడగమంటావా? నాకంటూ ఓ పరువుంది.”

“పోనీ, రీస్టార్ట్ చెయ్యి.”

“లినక్స్ వాళ్లం రీస్టార్ట్ చెయ్యం.”

“సరే బాబూ. ఇంతకీ నిన్న సాయంత్రం ఏం కెలికావ్?”

వీరశిరోమణి ముఖము పాలిపోయెను.

“మన రూటర్ గట్టిదో కాదో చూద్దామని వైఫైని వినే మోడ్‌లో పెట్టాను. గాల్లో పోయే సిగ్నళ్లన్నీ వింటుంది, దేనికీ కనెక్టవదు. వెనక్కి మార్చడం మర్చిపోయా.”

“ఊరందరి గోలా వింటుంది, మనతో పలకదు. అచ్చం మా ఎల్సా పెద్దమ్మే.”

అంతట నతడు రోషారుణిత లోచనుండై, కరాంగుళీ శరపరంపరల కీబోర్డును గప్పి, తప్పక్షరమొకటి పడ పండ్లు కొరికి, పాస్‌వర్డు మరచి జుట్టు పీకికొని, ఎట్టకేలకు సరియైన ఆజ్ఞను సంధించెను. పదకొండగుచుండ వైఫై కలిసెను. తెరపై గ్రంథాలయాధికారిణి రోసలిండ్ వదనంబుదయించెను.

“వినబడుతోందా అండీ?”

“వినబడుతోందండీ.”

“మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి వైఫై కలపడం రాదు. మీకొచ్చా?”

మార్గో నవ్వాపుకొనుటకు కాఫీకప్పు నోటికడ్డము పెట్టుకొనెను. వీరుండు చొక్కా కాలరు సవరించుకొనెను.

“ఈ పొద్దున్నే నేర్చుకున్నానండీ.”

ఆమె పకాలున నవ్వెను. “అయితే మా వాళ్ల బాధ మీకే తెలుస్తుంది. సోమవారం నుంచి రండి.”

జయభేరి మ్రోగింపుడు, దిక్కులు పిక్కటిల్లుగాక! జనులెల్లరకు మూత తెరచినంతనే జరుగు కార్యమును, ఐవర్ సోలెమ్ మహాయుద్ధమొనర్చి, పరుల సాయమించుకయు గొనక, ఒంటిచేత సాధించెను.