మాండెవిల్ వారి మొదటి గుంత

ఆ ఆదివారం ఉదయం నిడమర్రు వరప్రసాద్ గారి సంకల్పం లోకానికి చిన్నది, ఆయనకు మహత్తరమైనది. తొమ్మిది నలభై ముహూర్తానికి శంషాబాద్ స్థలంలో పునాదికి తొలి గడ్డపార దిగాలి. దాటితే మూఢం, మూడు నెలలు ఆగాలి. ఇరవై మూడేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి, పదకొండు అద్దె ఇళ్ళు మారిన ఆయన, "నిడమర్రు వారి ఇల్లు" అని చెక్కించిన చలువరాతి ఫలకాన్ని భార్య రేవతి ఒళ్ళో పెట్టి స్కూటరు మీద తెచ్చుకున్నారు. కోస్తా వదిలినప్పటి నుంచి ఆ ఇంటిపేరు నిలబడడానికి జానెడు నేల దొరకలేదు మరి.

స్థలం అమ్మిన మొగులయ్య, తవ్వడానికి కూలీలను తెచ్చిన అతని భార్య శివమ్మ, వేపచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డారు. చెట్టు మొదట్లో ఎవరో దొర సమాధి.

"తవ్వే ముందు కల్లు వోసి దొరను అడగాలె సారూ. ఇంటిపేరు వెట్టి పిలువకుంటె ఇనడు. రాయి మీద ఏమున్నదో జర సూడు," అన్నాడు మొగులయ్య.

వరప్రసాద్ గారు నాచు గీకి చదివారు: మాండెవిల్. ముహూర్తానికి ఇంకా అరగంట ఉంది. తొమ్మిది శతాబ్దాల చరిత్ర చెప్పడానికి ఆయనకు అది చాలా ఎక్కువ.

"సామాన్యమైన ఇంటిపేరు కాదు మొగులయ్యా. నార్మండీ ప్రభువు ఇంగ్లండును గెలిచినప్పుడు వెంట వచ్చిన వంశం. అక్కడి ఒక ఊరి పేరే ఇంటిపేరయింది. పెద్ద ఊరు అని అర్థం చెబుతారు. నేల ఏదో పేరూ అదే. అచ్చం మాకు నిడమర్రు లాగా."

"అయితె మీ సుట్టమే," అంది శివమ్మ.

అక్కడ ఆగితే సరిపోయేది. ఆయన ఆగలేదు.

"వీళ్ళలో జెఫ్రీ అని ఒక మహానుభావుడు. ఏ గద్దె గట్టిదైతే ఆ పక్షం. మఠాన్ని ఆక్రమిస్తే మతగురువులు వెలివేశారు. బాణం తగిలి పోతే మట్టి చెయ్యనివ్వలేదు. సీసపు పెట్టెలో పెట్టి చెట్టుకు వేలాడదీశారట. ఇంచుమించు ఇరవై ఏళ్ళు."

గాలి ఆగిపోయింది. పైన వేపకొమ్మ మాత్రం బరువేదో మోస్తున్నట్టు కిర్రుమంది.

"ఏ చెట్టుకు సారూ?" శివమ్మ గొంతు తగ్గించింది.

"ఇంగ్లండులో, అమ్మా."

"ఇరవయ్యేండ్లు జాగ దొరకనోడు. ఇంటిపేరు వెట్టి పిలిచినవ్. ముంగట గుంత తవ్విస్తున్నవ్. ఇగ రాడా?"

వరప్రసాద్ గారు నవ్వబోయారు. కొమ్మ మళ్ళీ కిర్రుమంది. ఒక్క ఆకూ కదలలేదు. నేల మీది నీడలో పెట్టెంత నలుపు ఒకటి మెల్లగా ఊగుతోంది. తలెత్తి చూస్తే కొమ్మకు ఏమీ లేదు. కూలీలు ఒక్కొక్కరే ఎండలోకి జరిగారు.

"మీ పాఠం చివరిదాకా విన్నవాళ్ళు లేరని బాధపడతారు కదండీ," అంది రేవతి నెమ్మదిగా. "ఇవాళ ఒకరు వచ్చినట్టున్నారు."

"మొదటి గుంత ఆయనకు. రెండోది నీకు," తేల్చేశాడు మొగులయ్య.

"ముహూర్తం మొదటి గుంతకు కదయ్యా?"

"ఆయన నీకంటె ముందుగాల లైన్ల ఉన్నడు సారూ."

సరిగ్గా తొమ్మిది నలభైకి, సీసపు పెట్టెకు బదులు, ఒక కూలీ సంచిలోంచి తీసిన, హిమాయత్ సాగర్‌లో వలకు కట్టే సీసపు గుండ్లు నాలుగు, శాస్త్రోక్తంగా ఆ గుంతలోకి దిగాయి. అందరూ తలా మూడు పిడికిళ్ళ మన్ను వేశారు. వరప్రసాద్ గారు ఆరు వేశారు.

"పైన పేరు లేకుంటె మల్ల లేస్తడు," అంది శివమ్మ, రేవతి చేతుల్లోని ఫలకాన్ని చూస్తూ. అక్కడ అంతకన్న చదునైన రాయి లేదు. ఫలకం బోర్లా తిరిగింది. వెనకవైపు వరప్రసాద్ గారు బొగ్గుతో రాసిచ్చిన "మాండెవిల్" అన్న అక్షరాలను, పునాది పనికి వచ్చిన మేస్త్రీ ఉలితో చెక్కాడు. రాయి నిలబెట్టిన క్షణాన కొమ్మ మూలుగు ఆగింది.

మూఢం పోయాక రెండో గుంత మీద ఇల్లు లేచింది. షాద్‌నగర్ బస్సులు ఇప్పుడు మాండెవిల్ స్టేజీలో ఆగుతాయి. ఉత్తరాలు మాండెవిల్ వరప్రసాద్ గారికి వస్తాయి. ఆయన పట్టుబట్టి గేటుకు "నిడమర్రు" అని ఇంకో ఫలకం పెట్టించారు. అది లోపల కిరాయికి ఉంటున్నవాళ్ళ పేరని ఊరంతా అనుకుంటోంది.